మజిలీ ఎవరిది?

విదేశ ప్రయాణము నేడు మన జిల్లాలలో కేవలము ధనవంతుల వినోదము కాదు. 1967లో నాగార్జునసాగరపు ఎడమ కాలువకు నీరు వదలిన పిమ్మట హాలియా, మిర్యాలగూడ ప్రాంతముల మెట్టనేలలు మాగాణులైనవి. ఆ మాగాణుల ఫలసాయముతో చదివిన బిడ్డలు హైదరాబాదు చేరిరి. అట్లు చేరినవారిలో అనేకులు సముద్రములు దాటిరి. ఇప్పుడు వారి తల్లిదండ్రులు దాటుచున్నారు. కూతురి పురుటికని తల్లియు, మనుమని జూడవలెనని తాతయు, పై చదువులకని యువకులును ప్రతిమాసమును శంషాబాదు దారి పట్టుచున్నారు. వీరందరును టిక్కెట్టు వెలను గూర్చి విచారింతురు. గమ్యమును గూర్చి విచారింతురు. నడుమ విమానము మారవలసిన చోటును గూర్చి విచారించువారు మాత్రము మిక్కిలి అరుదు. ప్రయాణము చెడుట సాధారణముగా అక్కడనే జరుగుచున్నది. ఆ నడిమి చోటును మన పెద్దలు మజిలీ యనిరి. మజిలీ ఎవరి యధీనమున నున్నదను ప్రశ్న ప్రయాణికున కెంత ముఖ్యమో దేశమునకును అంత ముఖ్యమని మా యభిప్రాయము.

ఒకప్పుడు మజిలీ అవసరము వలన గలిగినది. 1948 జూన్ 8వ తేదీన మన దేశపు విమానము బొంబాయి విడిచి లండనునకు మొదటిసారి బోయినప్పుడు కైరోలోను, జెనీవాలోను దిగి పోయెను. ఆనాటి యంత్రమునకు అంతకంటె శక్తి లేకుండెను. నేటి విమానములు 15, 16 గంటలు నేల ముట్టకుండ ఎగురగలవు. అయినను హైదరాబాదునుండి అమెరికా పోవువాడు నడుమ దిగక తప్పుటలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావారు హైదరాబాదునుండి నేరుగా షికాగోకు విమానము నడపిరి, అది నిలువలేదు. కావున నేటి మజిలీని నిర్ణయించునది యంత్రబలము గాదు, వర్తకము, రాజనీతి.

ఈ వర్తకమును గుర్తించి వృద్ధిచేసినవారు దుబాయి, దోహా, అబూధాబి, సింగపూరు పాలకులు. 2024లో దుబాయి విమానాశ్రయమున నడచిన ప్రయాణికులు 9 కోట్ల 23 లక్షలు. అందులో భారతదేశముతో సంబంధించినవారు సుమారు 1 కోటి 20 లక్షలు. ఏ యితర దేశమునుండియు అంతమంది లేరు. తూర్పునకు పడమరకు నడుమ నుండుట భూగోళము వారికిచ్చిన వరము. కాని ఆ వరమును ధనముగా మార్చినది వారి ప్రయత్నమే. మనము మధ్యాసియాకు, ఆగ్నేయాసియాకు నడుమ నుండియు ఆ పని చేయలేకపోతిమి.

ఇతరుల ముంగిట నిలుచుట ఎంత దుర్బలమైనదో గడచిన రెండేండ్ల సంగతులు చాటుచున్నవి. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో 75 సంవత్సరములలో కనివిని యెరుగని వాన కురిసి విమానాశ్రయము జలమయ మయ్యెను. నడుమ విమానము మారవలసినవారు దినముల తరబడి అక్కడనే నిలిచిపోయిరి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాను తన యాకాశమును మన విమానములకు మూసివేయగా, అమెరికానుండి ఢిల్లీ వచ్చు మన విమానములు ఇంధనమునకై వియన్నా, కోపెన్‌హేగను నగరములలో దిగవలసివచ్చెను. అదే సంవత్సరము జూన్ 23న కతారులోని అమెరికా సేనాస్థావరముపై ఇరాను క్షిపణులు పడిన రాత్రి దోహా ఆకాశము కొన్ని గంటలు మూతపడెను; అక్కడ దిగవలసిన విమానములు ఇతర దేశములకు మళ్లింపబడెను. పొరుగువారిని మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. 2025 డిసెంబరు మొదటి వారమున, విమాన చోదకుల విశ్రాంతికై వచ్చిన నూతన నియమములకు తగిన సన్నాహము చేసికొనక, మన దేశములో మిక్కిలి పెద్దదైన ఇండిగో సంస్థ వేలకొలది విమానములను రద్దుచేసెను. ఢిల్లీ, బొంబాయిలలో విదేశీ విమాన మెక్కవలెనని శంషాబాదులో వేచియున్నవారి గతి యేమయ్యెనో పాఠకు లూహింపగలరు. వాన, యుద్ధము, వైరము, నిర్లక్ష్యము - ఈ నాలుగింటిలో ఏది యెప్పుడు వచ్చునో ఎవరును పూచీపడజాలరు. వచ్చినప్పుడు మన ప్రయాణికుని రక్షించున దేది?

మొదటి రక్షణ ఒకే టిక్కెట్టు. హైదరాబాదునుండి గమ్యమువరకు ప్రయాణమంతయు ఒకే సంఖ్యపై నమోదై యున్నచో, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినను తరువాతి విమానములో చోటిచ్చి గమ్యము చేర్చు బాధ్యత విమాన సంస్థలదే. సామానుకూడ సాధారణముగా కడవరకు వారే చేర్తురు. కొందరు ఐదారువేల రూపాయలు కలిసివచ్చునని ఢిల్లీవరకు ఒక టిక్కెట్టును, అక్కడినుండి వేరొక టిక్కెట్టును కొనుచున్నారు. చట్టము దృష్టిలో అవి రెండు ప్రయాణములు. మొదటిది ఆలస్యమైనచో రెండవ సంస్థవారు రానివానిగా వ్రాసికొని టిక్కెట్టు వెలను మింగుదురు. అప్పటికప్పుడు కొనవలసిన కొత్త టిక్కెట్టు ఒక యెకరపు వరి పంటను హరింపవచ్చును. ఐరోపా సంఘము 2004లో చేసిన 261వ నిబంధన ప్రకారము, అక్కడి విమానాశ్రయములనుండి బయలుదేరి, సంస్థవారి లోపము వలన మిక్కిలి ఆలస్యముగా గమ్యము చేరినవారికి 600 యూరోలవరకు పరిహారము కలదు. ఆ గమ్యమును లెక్కించుటకును ఒకే నమోదు ఆధారము. సామాను పోయినచో 1999 నాటి మాంట్రియల్ ఒప్పందము దిక్కు. మన దేశము అందులో 2009లో చేరినది. హక్కు లున్నవి, కాని హక్కును నిలుపున దా యొక్క కాగితమే. మన పల్లెలలో భూమి కొనువాడు పట్టా చూడక పైకమియ్యడు. టిక్కెట్టు కొనునప్పుడును అంతటి శ్రద్ధ యవసరము.

రెండవ రక్షణ కాలవ్యవధి. విమానసంస్థలు ఒక్కొక్క విమానాశ్రయమునకు కనీస వ్యవధి నొకదానిని నిర్ణయించి, గంట, గంటన్నర యంతరముతోను టిక్కెట్లమ్ముచున్నవి. పరుగెత్తగల యువకునికది చాలును. మోకాళ్ల నొప్పులతో, భాష తెలియని చోట, ఒక భవనమునుండి వేరొక భవనమునకు పోవలసిన పెద్దలకు అది చాలదు. వారికి మూడునాలుగు గంటలైన నుండవలెను. టిక్కెట్టు కొనునప్పుడే చక్రాల కుర్చీ సాయము కోరుకొనవచ్చును. దానికి వెల లేదు. అమెరికాలో మొదట దిగిన చోటనే ప్రవేశ పరీక్ష జరుగును. సామానును కూడ అక్కడనే తీసికొని మరల అప్పగింపవలెను. షికాగోలో దిగి డాలసు పోవువారు ఈ సంగతి మరచి గంటన్నర వ్యవధితో విమానము పెట్టుకొనుట తగదు. అబూధాబిలో మాత్రము అమెరికా అధికారులు 2014 నుండి ఆ పరీక్షను బయలుదేరుటకు ముందే చేయుచున్నారు. లండనువంటి నగరములలో విమానాశ్రయములు పెక్కు గలవు. హీత్రోలో దిగి గాట్విక్కులో ఎక్కవలసినవాడు ఆ దేశమున ప్రవేశించి, గంటకుపైగా రహదారిపై ప్రయాణము చేయవలసినవాడని యెరుగవలెను.

ఇక తేదీల చిక్కు. మన పంచాంగములో దినము సూర్యోదయముతో ప్రారంభమగును. మంగళవారము తెల్లవారుజామున 3 గంటల వేళను మన యిండ్లలో సోమవారము రాత్రి యనియే చెప్పుకొందురు. టిక్కెట్టుపై నర్ధరాత్రితోనే తేదీ మారును. ఆ విమానమునకు హాలియావారు సోమవారము రాత్రి 8, 9 గంటలకే బయలుదేరి, మల్లేపల్లి, చింతపల్లి, ఇబ్రహీంపట్నముల మీదుగా బొంగులూరు వద్ద బాహ్యవలయ రహదారి నెక్కి, అర్ధరాత్రికి శంషాబాదు చేరవలెను. మంగళవారము రాత్రి బయలుదేరినవానికి ఖాళీ ఆకాశమే మిగులును. టిక్కెట్టుపైని వేళలన్నియు ఆయా చోటుల వేళలు. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక, దోహా గడియారము రెండున్నర గంటలు వెనుక. ఈ లెక్కను ఇంటిలో పిల్లలు కాగితముపై వ్రాసి పెద్దల చేతి కీయవలెను.

మూడవ రక్షణ, మా దృష్టిలో మిక్కిలి యుపేక్షింపబడుచున్నది, మజిలీని మజిలీగా జేసికొనుట. రాత్రియంతయు నిద్రలేక శంషాబాదు చేరి, నాలుగు గంటలు ఎగిరి, మూడు గంటలు కుర్చీలో వేచి, మరల 14, 15 గంటలు కదలక కూర్చుండుట అరువదేండ్లు దాటినవారికి శిక్ష. నడుమ రెండు రాత్రులు బసచేసినచో దేహమునకు విశ్రాంతియు, ఒక దేశమును జూచిన లాభమును గలుగును. మొదటి విమాన మొకపూట ఆలస్యమైనను రెండవది తప్పదు. విమానముల వాడుకలో 24 గంటలకు లోపలి నిలుకడ వేరు, అంతకు మించిన బస వేరు. మించిన బసకు టిక్కెట్టు వెల మారవచ్చును. సామానును నడుమనే తిరిగి ఇత్తురు. కావున టిక్కెట్టు కొనునప్పుడే, ఒకే నమోదులో, ఆ బసను చేర్పించుకొనవలెను. కొని తరువాత మార్పించుట ఖర్చుతో గూడిన పని.

బసకు ముందు ప్రవేశానుమతి చూచుకొనవలెను. మరియొక దేశమునకు పోవుచునో వచ్చుచునో నడుమ దిగు భారతీయులకు, అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియావంటి కొన్ని దేశముల వీసా యున్నచో, సింగపూరువారు వేరు వీసా లేకయే 96 గంటలు నిలువనిచ్చు పద్ధతి పెట్టిరి. దుబాయివారు అమెరికా వీసా గలవారికి దిగిన చోటనే 14 దినముల యనుమతిని వెలకిచ్చు పద్ధతిని, 48 గంటల, 96 గంటల మజిలీ వీసాలను ఏర్పరచిరి. ఇట్టి నియమములు తరచుగా మారుచుండును. బంధువుల మాటపై గాక, ప్రయాణమునకు ముందు ఆ ప్రభుత్వముల ప్రకటననే చూచుకొనవలెను. పాసుపోర్టునకు ఆరు మాసముల గడువు మిగిలియుండుట అనేక దేశములు కోరునట్టిది.

సామానులోనికూడ మజిలీ దేశపు చట్టము ప్రవేశించును. మన వంటింటి గసగసాలు ఎమిరేట్లలో నిషిద్ధములు. మసాలా పొట్లములో వానిని మూటగట్టి అక్కడ దిగుట చెరసాలకు దారితీయవచ్చును. సింగపూరులో కూడ వాని విషయమున కఠినముగా నుందురు. ఆవకాయ, నేయి చేతి సంచిలో నున్నచో, నడిమి పరీక్షలో 100 మిల్లీలీటర్ల నియమముక్రింద చెత్తబుట్టకు పోవును. వానిని పెద్ద పెట్టెలో నుంచవలెను. నిత్యము వాడు మందులు మాత్రము వైద్యుని చీటీతో చేతనే యుండవలెను.

నగరములో రెండు దినములు ఎట్లు గడపవలెనను విషయమున మనకు ప్రాచీనమైన గురువొకరు గలరు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. కృష్ణ దాటి నేటి మహబూబునగరపు సీమమీదుగానే హైదరాబాదు చేరిరి. వారి కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీని గూర్చియు దారి యెట్టిది, నీరెట్టిది, బసకు చోటున్నదా, ఏ వస్తువులు దొరకునను వివరములు గలవు. నేటి ప్రయాణికుడు అడుగవలసిన ప్రశ్నలును అవియే. విమానాశ్రయమునుండి నగరమునకు రైలు గలదా? బస రైలు నిలయమునకు నడకదూరములో నున్నదా? దిగు వేళకు గది సిద్ధముగా నుండునా, మధ్యాహ్నము రెండింటివరకు వీథిలో నిలువవలెనా? శాకాహార మెక్కడ దొరకును? మే, జూను మాసములలో అరబ్బు తీరమున పగటిపూట తిరుగ వీలగునా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసినవాడు దినమున కొక్క ప్రదేశము చూచినను తృప్తిపడును. తెలియనివాడు పది ప్రదేశముల పట్టికతో దిగి, బండ్ల బాడుగ లిచ్చి, అలసి తిరిగివచ్చును. రెండవదినపు సాయంకాలము దేనికిని వినియోగింపకుండ విడుచుట మేలు. మజిలీకి బోయినది విశ్రమించి ముందుకు బోవుటకేగాని, అలసి పడుటకు గాదు.

ప్రయాణికుని కర్తవ్య మిది. దేశపు కర్తవ్యము వేరు. 1944 నాటి షికాగో ఒప్పందము ప్రతిదేశమునకును తన యాకాశముపై పూర్ణాధికార మున్నదని యంగీకరించినది. కావున ఏ దేశపు విమానము వారమున కెన్ని ఆసనములతో మన నేలపై దిగవచ్చునో ప్రభుత్వముల నడుమ ఒప్పందము వలన నిర్ణయమగును. దుబాయితో మన యొప్పందము ఇరువైపులను వారమునకు సుమారు 66 వేల ఆసనములు. దానిని పెంచుడని వారు కోరుచుండగా 2025 వరకు మన ప్రభుత్వము సమ్మతింపలేదు. సమ్మతింపరాదనువారి వాదము స్పష్టమైనది: ఆ యాసనములలో అనేకులు దుబాయికి గాక, దుబాయి మీదుగా అమెరికాకు, ఐరోపాకు పోవుచున్నారు, మన ప్రయాణికుడు వారి మజిలీకి గిట్టుబాటు, అట్లయినచో మన సంస్థలు దూరదేశములకు నేరుగా ఎన్నటికిని ఎగురజాలవు. సమ్మతింపవలె ననువారి వాదమును బలమైనదే: ఆసనములు తక్కువైనచో వెల పెరుగును; ఆ పెంపును భరించునది సంవత్సరమున కొకసారి యింటికి వచ్చు కూలివాడు, బిడ్డను జూడబోవు రైతు.

ఈ రెండింటిలో దేశాభిమానము పేర మొదటిదానిని కన్నులు మూసికొని యంగీకరింప మేము సిద్ధముగా లేము. పరుల ద్వారము మూయుట స్వదేశీ గాదు. మన ద్వారము తెరచుట స్వదేశీ. విదేశవస్త్రమును విడువుమన్నవారు రాటమునుకూడ చేతికిచ్చిరి. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానములకును, ఇండిగో 500 విమానములకును ఉత్తరువు లిచ్చినవి. అవి వచ్చునప్పుడు దూరప్రయాణపు విమానములన్నియు ఢిల్లీ, బొంబాయిలకే చేరి, హైదరాబాదువారు మొదట ఉత్తరమునకు బోయి, అక్కడ భవనములు మారి, మరల ఎగురవలసినదే యైనచో, మనకు దుబాయి మజిలీ తొలగి ఢిల్లీ మజిలీ వచ్చిన దనుటకంటె వేరేమున్నది? 2025 డిసెంబరు ఆ మార్గపు బలహీనతను కూడ చూపినది. పరుల ఆసనములను పరిమితము చేయుదురేని, ఆ పరిమితి వలన లాభించు మన సంస్థలు హైదరాబాదునుండియు నేరుగా ఎగురవలెనను నిబంధనను ప్రభుత్వము దానితో జతపరుపవలెను. పరిమితి యొకచోట, విమానము వేరొకచోట నుండుట న్యాయము గాదు.

శంషాబాదునకు దేనికిని కొరత లేదు. 2008 మార్చిలో ప్రారంభమైన ఆ విమానాశ్రయమునకు సుమారు 5,500 ఎకరముల భూమి కలదు. 1945లోనే దక్కను ఎయిర్‌వేసు అను సొంత విమాన సంస్థను నెలకొల్పుకొన్న నగరమిది. 1953లో అది జాతీయ సంస్థలో లీనమైనది. లేనిది ఇతరులు ఇక్కడ రెండు రాత్రులు నిలువవలె ననిపించు ఏర్పాటు. సింగపూరువారు అయిదారు గంటలు వేచియుండు ప్రయాణికులకు ఉచితముగా నగరము చూపుచున్నారు. అట్టిది మన మేల చూపరాదు? మన సాగరపు లోయలో, హాలియాకు కొలది మైళ్ల దూరమున, ఇక్ష్వాకుల విజయపురి యుండెను. అక్కడ సింహళ భిక్షువులకు ప్రత్యేకముగా ఒక విహార ముండెనని నాగార్జునకొండ శాసనము చెప్పుచున్నది. అనగా పదునేడువందల యేండ్లకు పూర్వము పరదేశి మన లోయలో మజిలీ చేసెను. మనవారు అతనికి చోటు చూపిరి. 2022 మేలో అక్కడనే 274 ఎకరములలో బుద్ధవనము తెరువబడినది. 2025 మేలో ప్రపంచసుందరి పోటీలకు వచ్చిన ఆసియా దేశముల యువతులు దానిని దర్శించిరి. అట్టి దర్శనము ఉత్సవదినమున కొక్కసారి గాక, సింహళము, సయాము, జపాను దేశములనుండి వచ్చి పడమరకు బోవు ప్రయాణికులకు నిత్యము లభించునట్లు చేయవచ్చును. రెండు రాత్రుల మజిలీకి సులభమైన యనుమతిని కేంద్ర ప్రభుత్వమును, శంషాబాదునుండి సాగరమునకు నిర్ణీత వేళల బస్సులను, మార్గమున శుభ్రమైన బసలను రాష్ట్ర ప్రభుత్వమును ఏర్పరచినచో, సాగరము దారిలోని ఊళ్లన్నిటికి జీవనము కలుగును. హాలియా అప్పుడు ప్రయాణికులను పంపు ఊరు మాత్రమే గాక, వారిని పిలుచు ఊరు కూడ కాగలదు.

ఆ దినము వచ్చువరకు మన కుటుంబములవారికి మా మనవి స్వల్పము. ఒకే టిక్కెట్టు కొనుడు. పెద్దలకు వ్యవధి ఇండు. వీలున్నచో నడుమ రెండు రాత్రులు సుఖముగా నిలువుడు. ఇక మన ప్రతినిధులను, వారు ఓట్లకై హాలియా వచ్చినప్పుడు, హైదరాబాదునుండి నేరుగా ఎగురు విమానమెప్పుడని అడుగుడు. ఇతరుల మజిలీలో అతిథులుగా నుండుట తప్పుగాదు. మన మజిలీకి అతిథులు రానంతకాలము మాత్రము మన ప్రయాణము సగమే పూర్తియైనదని యెరుగవలెను.